నడికట్టు కండరములు: ఉదర వ్యాయామమున అవి చేయు పని

వ్యాయామమును లెక్కతో కొలుచుట విద్యార్థులలో వాడుక. దండీలెన్ని తీసితివి, బస్కీలెన్ని తీసితివి, వెల్లకిల పరుండి ఎన్ని పర్యాయములు లేచితివి అనునవియే ఆటస్థలమున వినబడు ప్రశ్నలు. ఆ లేచుటలో ఏ కండరము పనిచేసెను, ఏది ఊరకుండెను, బరువు ఎచ్చట పడెను అని అడుగువారు అరుదు. ఈ రెండవ ప్రశ్నకు ప్రత్యుత్తరము తెలియనివాడు నూఱు పర్యాయములు లేచినను ఉదరమునకు బలము కూర్చుకొనుటకు మాఱుగా నడుమునకు నొప్పి కూర్చుకొనవచ్చును. చినిగిన చొక్కాకు బదులు క్రొత్తది కుట్టించుకొనవచ్చును గాని చెడిన నడుమునకు బదులు మఱియొకటి ఏ అంగడిలోను దొరకదు.

మన పిల్లలలో పెక్కండ్రు సెలవులలో పొలము పనులయందు తలిదండ్రులకు తోడ్పడువారు. వారిలో కొందఱు పెద్దవారైన పిదప బరువులు మోయుదురు; కొందఱు గంటల కొలది బల్లయొద్ద కూర్చుండి వ్రాతపని చేయుదురు. ఉభయులకును నడుమే ఆధారము. కావున ఉదర వ్యాయామమున శరీరములోపల జరుగు పనిని ఇచ్చట సంగ్రహముగ వివరింప నెంచితిమి.

కండరముల అమరిక

ఛాతికి ప్రక్కటెముకల పంజరము రక్షణగా నున్నది. క్రింద కటియెముక గిన్నెవలె నున్నది. ఈ రెంటికిని నడుమ ఎముకల గోడ లేదు. వెనుకవైపున ఐదు నడుము వెన్నుపూసలు మాత్రము ఒకదానిపై నొకటి పేర్చబడి స్తంభమువలె నిలిచియుండును. తక్కిన మూడుదిక్కులను కండరములే గోడలు. ఇంగ్లీషువారు వీనిని కోర్ కండరములందురు. నడుమునకు బిగించు పట్టీని మనము నడికట్టు అందుము గనుక, వీనిని నడికట్టు కండరములనుట మనకు సుబోధకముగ నుండును.

ఈ గోడలో నాలుగు జతల కండరములు గలవు. మొదటిది ముందువైపున మధ్యరేఖకు ఇరుప్రక్కల నిలువుగా సాగు రెక్టస్ కండరము. ఇది క్రింద జఘనాస్థినుండి బయలుదేరి పైన 5, 6, 7 ప్రక్కటెముకల మృదులాస్థులను, రొమ్ముటెముక కొనను అంటియుండును. దీనికి అడ్డముగా నారపట్టీలుండుటచేతనే కొవ్వు తక్కువగల జెట్టీల ఉదరము గళ్లుగళ్లుగా కానవచ్చును. ఆ గళ్ల సంఖ్య పుట్టుకతో వచ్చునదే గాని వ్యాయామముచే హెచ్చునది కాదు.

రెండవది వెలుపలి ఏటవాలు కండరము. ఇది క్రింది ఎనిమిది ప్రక్కటెముకలనుండి పుట్టి, జేబులో చేతులుంచుకొనినప్పుడు వ్రేళ్లు చూపు దిక్కున, క్రిందికిని ముందునకును సాగును. మూడవది దీని క్రింద దాగియున్న లోపలి ఏటవాలు కండరము. దీని పోగులు వెలుపలిదాని పోగులకు అడ్డముగా పోవును. నాలుగవది అన్నిటికంటె లోపలిదగు అడ్డకండరము. ఇది నడుమును నిజముగా నడికట్టువలె చుట్టియుండును.

నులక మంచమును చూడుడు. నులకను ఒక్కదిక్కుననే లాగి కట్టినచో కూర్చున్నవాని బరువునకు పోగులు ఎడమగును. ఇరుదిక్కుల ఏటవాలుగ అల్లినందుననే అది బరువునకు ఆగును. ఉదరపు గోడ బలమునకు కారణమును ఇట్టి అల్లికయే. మఱియు కుడివైపు వెలుపలి ఏటవాలు కండరపు పోగులు, ఎడమవైపు లోపలి ఏటవాలు కండరపు పోగులు ఒకే వరుసలో నుండును. కుడిభుజముమీదనుండి ఎడమ నడుమునకు వేసికొను ఉత్తరీయమువలె ఆ రెండును కలిసి లాగినపుడు మొండెము ఎడమదిక్కునకు తిరుగును.

గోడలకు తోడు పైకప్పును నేలయు గలవు. ఛాతికిని ఉదరమునకును నడుమ గొడుగువలె నున్న ఉదరవితానము పైకప్పు. కటిగిన్నెకు అడుగున ఉయ్యాలవలె పఱచుకొన్న కండరములు నేల. వెనుకవైపున వెన్నెముకను నిలువుగా పట్టియుంచు పొడవైన కండరములును, పూసకు పూసకు ముడివేసినట్లుండు పొట్టివగు మల్టిఫిడస్ కండరములును, ప్రక్కటెముకనుండి తుంటియెముకకు సాగు చతురస్రాకారపు కండరములును గలవు. ఓడస్తంభము తనంతట తాను నిలువదు. నలుదిక్కుల త్రాళ్లు సమముగా లాగుటచే నిలుచును. వెన్నెముక విషయమును ఇట్టిదే. ఒకవైపు త్రాడు బలమై వేఱొకవైపుది వదులైనచో స్తంభము ఒరగును.

ఈ గోడలో చేరనిది, కాని మన విషయమునకు మిక్కిలి ముఖ్యమైనది ఇంకొకటి గలదు. నడుము వెన్నుపూసల ప్రక్కలనుండి పుట్టి, కటిమీదుగా దిగి, తొడయెముకను అంటుకొను కండరమును సోయాస్ అందురు. తొడను పొట్టవైపునకు మడచునది ఇదియే. దీని పై కొన వెన్నుపూసలకే అంటియున్నదను సంగతిని చదువరులు జ్ఞప్తియందుంచుకొందురు గాక.

మూడువిధముల పని

నిండు బిందెను నేలనుండి ఎత్తునపుడు చేతి కండరము కుఱుచగును. ఎత్తి అట్లే పట్టుకొనినపుడు దాని పొడవు మాఱదు, కాని బిగువు తగ్గదు. మెల్లగా దించునపుడు బిగువుతోనే పొడవగును. కండరము చేయు పని ఈ మూడువిధములనే. పిల్లలు మొదటిదానినే పనిగా నెంచుదురు. ఉదర కండరములకు దినమంతయు వలసినది తఱుచుగా రెండవది, అనగా కదలక పట్టియుంచుట. నడచునపుడును, నీటికుండను చంకనెత్తుకొనినపుడును, బండి కుదుపులలో కూర్చుండునపుడును మొండెము వంగిపోకుండ అవి పట్టియుంచును.

పరుండి లేచుటయందు జరుగునది

ఇక సిటప్ అను వ్యాయామమును పరిశీలింతము. వెల్లకిల పరుండినవాడు తల ఎత్తి, భుజములనెత్తి, కూర్చుండువఱకు లేచును. చూచుటకిది ఒక్కటే కదలిక, నిజమునకు రెండు. మొదటి భాగమున రెక్టస్ కండరము కుఱుచయై ప్రక్కటెముకలను కటివైపునకు లాగును; ఏటవాలు కండరములు దానికి తోడ్పడును. వెన్ను చాపవలె చుట్టుకొని, ఱెక్కయెముకలు నేలను విడచును. నేలతో సుమారు 30 డిగ్రీల కోణము వచ్చుసరికి ఈ పని ముగియును. అచ్చటినుండి కూర్చుండువఱకు కదలిక తుంటికీలునందు జరుగును. దానిని నడుపునది సోయాసును దాని తోడి కండరమును. ఉదర కండరములు మొండెమును వంచిన భంగిమలో పట్టియుంచు పనిమాత్రము చేయును.

అనగా ఉదరముకొఱకు చేయుచున్నామనుకొన్న వ్యాయామమున సగము శ్రమ తొడ మడచు కండరములది. పాదములను వేఱొకడు నొక్కిపట్టినచో ఆ కండరములకు పట్టు దొరకి అవి మఱింత గట్టిగ లాగును. సోయాసు పై కొన వెన్నుపూసలకు అంటియున్నది గనుక, అది లాగిన ప్రతిపర్యాయము పూసలు ఒకదానిపై నొకటి నొక్కుకొనును. మోకాళ్లు మడచినచో ఈ బాధ తీఱునని పలువురి నమ్మకము. మడచుటచే ఒత్తిడి పూర్తిగ తొలగదని కొలతలు తెలుపుచున్నవి.

కెనడా దేశమున వాటర్లూ విశ్వవిద్యాలయపు ఆచార్యుడుగ నుండిన స్టూవర్ట్ మెగిల్ తన సహచరునితో 1997లో ప్రకటించిన పరిశోధనయందు, సిటప్ చేయునపుడు నడుము పూసలపై బడు ఒత్తిడి సుమారు 3300 న్యూటనులుగా తేలినది. ఇది 330 కిలోలకు పైబడిన బరువుతో సమానము. కార్మికులు బరువులెత్తునపుడు నడుముపై బడు ఒత్తిడికి అమెరికా ప్రభుత్వ వృత్తి ఆరోగ్య సంస్థ 1981లో ఏర్పరచిన హెచ్చరిక హద్దు సుమారు 3400 న్యూటనులు. ఒకటి రెండు పర్యాయములు లేచినందున ఆరోగ్యవంతుడైన బాలునికి ఏమియు కాదు. పందెము వేసికొని దినదినము వందల కొలది లేచుట వేఱు సంగతి.

సైన్యములలోను ఈ విషయమున మార్పు వచ్చినది. అమెరికా సైన్యమున 1980లో ఏర్పడిన దేహదార్ఢ్య పరీక్షయందు రెండు నిమిషములలో ఎన్ని సిటప్పులు చేసెనని లెక్కించుచుండిరి. 2022లో అమలునకు వచ్చిన పరీక్షయందు అది లేకుండెను. మోచేతులమీదను కాలివ్రేళ్లమీదను శరీరమును బల్లవలె నిలుపు ప్లాంకు దాని స్థానమున చేరినది. ప్లాంకునందు కదలిక లేదు గనుక పని లేదని తలంపరాదు. భూమి ఉదరమును క్రిందికి లాగుచుండగా, నడుము ఉయ్యాలవలె వ్రేలాడకుండ ముందుగోడ కండరములన్నియు పట్టియుంచుచుండును.

కాళ్లనెత్తు వ్యాయామము

వెల్లకిల పరుండి రెండు కాళ్లను చాచియే పైకెత్తుట మఱియొక వాడుక. మన కాళ్లు రెండును కలిసి శరీరపు బరువులో సుమారు మూడవవంతు. ఇంత బరువు తుంటియొద్ద కీలుగల పొడవైన మీటవలె వ్రేలాడును. కాళ్లనెత్తునది సోయాసు మొదలగు కండరములే. ఉదర కండరములకు అచ్చట వేఱొక బాధ్యత గలదు: కటిగిన్నె ముందునకు ఒరగకుండ పట్టియుంచవలెను. అవి బలహీనములైనచో కటి ఒరగును, నడుము విల్లువలె లేచును, పూసలు వెనుకప్రక్కను నొక్కుకొనును. నడుము క్రింద అరచేతినుంచుకొని పరీక్షింపవచ్చును. కాళ్లనెత్తునపుడు చేతిపై ఒత్తిడి తగ్గినచో ఆ వ్యాయామము ఆ బాలునికి ఇంకను తగినది కాదు. ఒక మోకాలిని మడచియుంచి, రెండవ కాలినిమాత్రమే ఎత్తుట మేలు.

ఊపిరికిని నడుమునకును గల సంబంధము

సగము నిండిన ధాన్యపు బస్తాను నిలువబెట్టిన కూలును. నిండుగ నింపి మూతి బిగించి కుట్టిన బస్తా నిలుచుటయే గాక, తనపై మఱి రెండు బస్తాలను మోయును. ఉదరమును ఇట్టిదే. ఉదరవితానము క్రిందికి దిగి, చుట్టుగోడలు బిగిసి, అడుగు కండరములు పైకి పట్టినపుడు లోపలి ఒత్తిడి హెచ్చి మొండెము దిట్టమగును. వెన్నెముకకు ఊతము కలుగును. వీరఘట్టమున జనించి 1942లో దివంగతులైన మల్లయోధులు కోడి రామమూర్తి నాయుడుగారు ఛాతిపై ఏనుగును నిలుపుకొని ఖ్యాతి గడించిరి. ఊపిరి బిగించి మొండెమును దిట్టపఱచుటను దీర్ఘకాల సాధనచే వశపఱచుకొనినవారికే అట్టి విద్యలు సాధ్యము.

విద్యార్థులు దీనిని అనుకరింపరాదు. ఊపిరిని బంధించి ముక్కుచు బలము చేయుటను, ఇటలీ దేశపు శరీరశాస్త్రజ్ఞుడు వాల్సాల్వా పేర, వైద్యులు వాల్సాల్వా ప్రయోగమందురు. దానివలన రక్తపుపోటు ఒక్కసారిగ పెరుగును, తల తిరుగవచ్చును, గజ్జలయొద్ద గోడ బలహీనమైనవారికి ఆంత్రవృద్ధి బయటపడవచ్చును. లేచునపుడు ఊపిరి విడచుట, దిగునపుడు పీల్చుట సామాన్యులకు క్షేమమైన పద్ధతి. ఉదర కండరములు ఊపిరి విడచుటకును సాధనములే. కీర్తన పాడువారును, పిల్లనగ్రోవి ఊదువారును దీర్ఘముగ ఊపిరి నడపగలుగుట వీని సాయముననే.

విద్యార్థులు చేయదగిన మూడు పరీక్షలు

ఒకటి: వెల్లకిల పరుండి పొట్టపై చేయి వేసికొని తలనుమాత్రము ఎత్తుడు. భుజములు కదలకున్నను చేతిక్రింద రెక్టస్ కండరము గట్టిపడును. మెడ కండరములు తలను లాగవలెనన్న వాని రెండవ కొన అంటియున్న ఛాతి కదలకుండవలెను గదా! ఛాతిని పట్టియుంచు బాధ్యత రెక్టసుది.

రెండు: నడుము ప్రక్కల వ్రేళ్లతో నొక్కిపట్టి ఒకసారి దగ్గుడు. వ్రేళ్లను వెలుపలికి నెట్టునవి ఏటవాలు కండరములును అడ్డకండరమును.

మూడు: నిలుచుండి ఒక చేతిని వడిగ ముందునకు ఎత్తుడు. ఇందు లోపల జరుగునది కంటికి కానరాదు. ఆస్ట్రేలియా దేశపు క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయమున హాడ్జెస్, రిచర్డ్‌సన్ అను వారు సన్నని తీగలను కండరములలోనికి పంపి, వానిలో పుట్టు విద్యుత్తును కొలిచి 1996లో ప్రకటించిరి. చేతినెత్తు భుజకండరము మేల్కొనుటకు ముందే ఆరోగ్యవంతులయందు అడ్డకండరము బిగియుచున్నది. తఱుచుగ నడుమునొప్పి పడువారిలో అది ఆలస్యముగ బిగియుచున్నది. తలుపు తీయకముందే గృహస్థు దీపము వెలిగించినట్లు, చేయి కదలకముందే శరీరము నడుమును సిద్ధపఱచుకొనుచున్నది.

కొన్ని అపోహలు

పొట్టకు వ్యాయామము చేసినచో పొట్టమీది కొవ్వు కరుగునని పలువురు తలంతురు. అమెరికాలో 1984లో ప్రకటింపబడిన ఒక పరిశోధనయందు కొందఱు పురుషులచే 27 దినములలో మొత్తము 5004 సిటప్పులు చేయించి, వారి కొవ్వుకణములను పరీక్షించిరి. పొట్టయందలి కొవ్వు తక్కిన భాగములయందలి కొవ్వుకంటె విశేషముగ తగ్గలేదు. శరీరము కొవ్వును తన ఇష్టముచొప్పున అన్నిచోట్లనుండి తీసికొనును. పనిచేసిన కండరముపైనున్నదానినే తీయదు. పొట్ట తగ్గవలెననువాడు నడక, పరుగు, ఈత, మితాహారములను ఆశ్రయింపవలెను.

తెల్లవాఱగనే, మంచము దిగినదే తడవుగ, వంగు వ్యాయామములు చేయుట మంచిదనుట మఱియొక అపోహ. వెన్నుపూసల నడుమనుండు మృదులాస్థి బిళ్లలు రాత్రి పరుండియుండగా నీటిని పీల్చుకొని ఉబ్బును. అందుచేతనే మనము సాయంకాలముకంటె ఉదయమున సుమారు 1 సెంటీమీటరో అంతకు కొంచెము పైగానో పొడవుగ నుందుము. ఉబ్బిన బిళ్లపై వంగుటవలన కలుగు ఒత్తిడి హెచ్చు. కావున వసతిగృహములలో ఉదయము గంట కొట్టిన వెంటనే నడుము వంచు డ్రిల్లు చేయింపక, మొదట ఒక గంటసేపు నడక, తోటపని మొదలగు తేలిక పనులకు వినియోగించుట యుక్తము.

బలమే చాలునను తలంపును సరికాదు. డెన్మార్కు దేశమున బయరింగ్ సోరెన్‌సన్ 1984లో ప్రకటించిన పరిశోధనయందు, వీపు కండరములను ఎక్కువసేపు పట్టియుంచలేని పురుషులకే అటుపిమ్మట మొదటిసారి నడుమునొప్పి వచ్చుట హెచ్చుగ కనబడినది. ఎంత గట్టిగ లాగగలడనుటకంటె, ఎంతసేపు అలసట లేక పట్టగలడనునది నడుమునకు ముఖ్యము.

చేయదగిన వ్యాయామములు

మెగిల్ ఆచార్యుడు సూచించిన మూడు వ్యాయామములు తక్కువ ఒత్తిడితో నలుదిక్కుల త్రాళ్లకును పని కల్పించును. పరికరములు అక్కఱలేదు, ఒక చాప చాలును.

మొదటిది ముందుగోడకు. వెల్లకిల పరుండి, ఒక మోకాలిని మడచి, రెండవకాలు చాచి, రెండు చేతులను నడుము క్రింద ఉంచవలెను. నడుము వంపును చెడనీయక తలను భుజములను కొలదిగ మాత్రమెత్తి, సుమారు పది సెకనులు నిలిపి, ఊపిరి ఆపక, మెల్లగా దింపవలెను. మెడను చేతులతో లాగరాదు.

రెండవది ప్రక్కగోడలకు. ఒక ప్రక్కకు పరుండి, మోచేతిమీద ఆని, తుంటిని నేలనుండి ఎత్తి నిలుపవలెను. చిన్నవారు మోకాళ్లు నేలనుంచియే చేయవచ్చును. రెండవప్రక్కయు అట్లే.

మూడవది వెనుకగోడకు. అరచేతులు, మోకాళ్లు నేలనుంచి, కుడిచేతిని ముందునకు, ఎడమకాలిని వెనుకకు చాపవలెను, పిదప మార్చవలెను. వీపుపై నీళ్లచెంబు పెట్టినను తొణకనంత నిశ్చలముగ నుండుట దీనియందలి నేర్పు.

ఒక్కొక్కదానిని దినమునకు ఐదాఱు పర్యాయములతో ఆరంభించి, వారములు గడచుకొలది మెల్లగా పెంచవలెను. రూపము చెడినచో అచ్చటనే ఆపవలెను. బాలికలును బాలురును సమానముగ చేయదగినవివి. నడుమునొప్పి కాలిలోనికి ప్రాకుచున్నను, గజ్జలయొద్ద వాపు కనబడినను వ్యాయామము మాని వైద్యునకు చూపవలెను.

తలిదండ్రులకు ఒక మనవి

వరినాట్ల కాలమున మన తల్లులు గంటల కొలది వంగియుందురు. సగము వంగినంతవఱకు వీపు కండరములు బరువును పట్టియుంచును. పూర్తిగ వంగినపుడు అవి దాదాపు నిద్రించును. బరువంతయు పూసలను కట్టియుంచు నారలమీదను మృదులాస్థి బిళ్లలమీదను పడును. నొప్పి తెలియకుండుట క్షేమమునకు గుర్తు కాదు. ఆ నారలు సాగి, తిరిగి బిగియుటకు కొంతకాలము పట్టును. అందుచేత నడుమనడుమ లేచి నిలుచుండి, చేతులు పైకెత్తి, నాలుగు ఊపిరులు పీల్చి పిదప వంగవలెను. గట్టుమీద నున్న బరువును ఎత్తుటకు మునుపు ఒకటి రెండు నిమిషములు నిటారుగ నడచుట మంచిది. పాఠశాలలో ఈ సంగతి నేర్చిన పిల్లలు ఇంటికి పోయి తల్లికి చెప్పగలిగినచో ఈ పాఠము వ్యర్థము కాలేదని సంతసింతుము.

విద్యార్థులారా! ఆటస్థలమున మీ చెలికాడు నూఱు లెక్కించినచో మీరు నూటపది లెక్కింపనక్కఱలేదు. పది చాలును, ఆ పదియు ఊపిరి తెలిసి, వెన్ను తెలిసి, ఏ కండరము పట్టినదో తెలిసి చేయుడు. ఇప్పుడు కాపాడుకొన్న నడుమే రేపు మీ బిడ్డలను ఎత్తుకొనునది, ముదిమియందు మిమ్ము నిటారుగ నడపునది.